ఆ రోజు చెప్పకూడదు కనుక ఈ రోజు చెబుతున్న కృతజ్ఞతలు

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చినవారు తిరిగి వెళ్లేటప్పుడు "వెళ్లొస్తాము" అనరు. ఆ ఇంటివారు కూడా వారిని గుమ్మం దాకా సాగనంపరు. "మీరు వచ్చారు, సంతోషం" అన్న మాట అసలే నోట రానివ్వరు. 2025 మార్చి 11న, హోలీకి మూడు రోజుల ముందు, మా అమ్మ కన్నుమూసినప్పుడు నల్లకుంటలోని మా పాత ఇంటికి వచ్చి, ఎవరూ అడగకుండానే చేయవలసిన పనులన్నీ చేసి, మౌనంగా మెట్లు దిగి వెళ్లిపోయిన వారందరి విషయంలో మేము ఆ ఆచారాన్నే పాటించాము. ఆ తర్వాత కర్మలు, నాన్నగారిని మల్కాజ్‌గిరిలోని మా ఫ్లాట్‌కు తీసుకురావడం, మా అమ్మాయి పెళ్లి, కాళేశ్వరానికి రెండు ప్రయాణాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడడంతో ఈ నాలుగు మాటలు రాయడానికి జూన్ నెల వచ్చింది. పేర్లు రాయవద్దని కొందరు గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వారికే తెలుస్తుంది.

అమ్మ పోయింది తెల్లవారుజామున సుమారు మూడున్నరకు. నిద్రలోనే పోయింది. ఆ వేళకు వీధి అంతా చీకటిగా ఉంది. ఒక్క ఆటో నడిపే తమ్ముడి ఇంట్లో మాత్రం దీపం వెలుగుతోంది. అది రంజాన్ మాసం. ఇంటిల్లిపాదీ సహరీకి, అంటే ఉపవాసానికి ముందు చేసే భోజనానికి, లేచి ఉన్నారు. నేను వెళ్లి తలుపు తట్టగానే, చెప్పవలసిన మాట పూర్తిగా చెప్పకముందే అతను తింటున్న పళ్లెం ముందు నుంచి లేచాడు. "మీరు అమ్మ దగ్గర కూర్చోండి అన్నా, ఎక్కడెక్కడికి పోవాలో చెప్పండి చాలు" అని, డాక్టరుగారిని, పురోహితులను, అంబర్‌పేటలో ఉన్న మా మేనత్తను ఒకరి తర్వాత ఒకరిని ఆటోలో తెచ్చి దింపాడు. ఆ రోజంతా అతను మంచినీళ్లు కూడా ముట్టకుండా మా పనుల మీద తిరిగాడన్న సంగతి నాకు సాయంత్రం ఇఫ్తార్ వేళకు గాని స్ఫురించలేదు. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు. పైగా మార్చి 30న ఉగాదికి మా ఇంట్లో పండుగ లేదని తెలిసి, మరునాడు తన ఇంట్లో రంజాన్ పండుగకు చేసిన షీర్ ఖుర్మాను ముందుగా నాన్నగారికే పంపించాడు. ఆ ఏడాది మాకు తీపి అంటే అదే.

రెండో కృతజ్ఞత పై వాటాలో ఉండే నర్సు అక్కయ్యగారికి. అమ్మ తన కళ్లను దానం చేయాలని ఎన్నోసార్లు అనేది, కాని కాగితం మీద ఏమీ రాసిపెట్టలేదు. ఆ వేళ మాకెవరికీ ఆ మాటే గుర్తుకు రాలేదు. అక్కయ్యగారు కిందికి దిగి వచ్చి, మొదట ఫ్యాను ఆపించి, అమ్మ కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచి, తల కింద దిండు ఎత్తు చేసి పెట్టి, ఆ తర్వాత మెల్లగా నాన్నగారి దగ్గర కూర్చుని, "పెద్దమ్మ కోరిక మీకు గుర్తుందా బాబాయిగారూ?" అని అడిగారు. నాన్నగారు తల ఊపారు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపే కార్నియాను, అంటే కంటి ముందు భాగంలోని పారదర్శకమైన పొరను, సేకరించాలని, కుటుంబ సభ్యుల అంగీకారం ఉంటే ముందుగా రాసిన ప్రతిజ్ఞా పత్రం లేకపోయినా ఫరవాలేదని ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. అమ్మకు 79 ఏళ్లు, షుగర్ ఉండేది, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఇవేవీ అడ్డు కావట. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధికి ఆమే ఫోన్ చేశారు. వచ్చిన ఇద్దరు యువకులు చెప్పులు గుమ్మం బయట విడిచి, అమ్మకు నమస్కారం చేసి, తలుపు దగ్గరగా వేసుకుని ఇరవై నిమిషాల్లో పని ముగించారు. అమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. "కళ్లు తీస్తే చూడలేము" అని అంతకుముందు భయపడిన మా మేనత్త, ఆ తర్వాత చాలాసేపు అమ్మ ముఖం వంకే చూస్తూ కూర్చున్నది. కార్నియా ఎవరికి అమర్చేదీ దాత కుటుంబానికి చెప్పరు. అదే మంచిదని నాకూ అనిపిస్తోంది. తెలిస్తే చూడాలనిపించేది, చూస్తే ఏడవాలనిపించేది.

మరణ ధ్రువీకరణ పత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపు నమోదు చేయించాలని, మరణం ఇంట్లో జరిగితే కారణం తెలిపే డాక్టరు కాగితం జత చేయాలని మాకు గుర్తుచేసి, పత్రాలన్నీ సరిచూసి పెట్టినవారు మా వీధిలోని రిటైర్డ్ ఉద్యోగి ఒకరు. ఒక కార్యాలయంలో అమ్మ ఇంటిపేరు తప్పుగా ఎక్కించి, అది దిద్దడానికి మమ్మల్ని మూడుసార్లు తిప్పించినప్పుడు, మూడోసారి నన్ను ఇంట్లోనే ఉండమని చెప్పి, 70 ఏళ్ల వయసులో ఆయనే వెళ్లి వరుసలో నిలబడ్డారు.

అమ్మ పుట్టిల్లు మంథని. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని కనుక తన అస్థికలు గోదావరిలోనే, అదీ కాళేశ్వరంలోనే కలపాలని చెప్పి ఉంచింది. హైదరాబాద్ నుంచి అది సుమారు 275 కిలోమీటర్లు. నాతో పాటు ఉద్యోగం చేసిన మిత్రుడు కారు తీసుకుని తెల్లవారకముందే వచ్చి, హనుమకొండ, పరకాల, భూపాలపల్లి మీదుగా తానే నడిపి, రాత్రికి మమ్మల్ని ఇంటికి చేర్చాడు. దారి పొడుగునా పది మాటలకు మించి మాట్లాడలేదు. సాధారణంగా అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు, అందుకే ఆ మౌనం విలువ నాకు తెలుసు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది, ఉన్న ఆ గుడి ముందు నుంచి ప్రాణహిత కలిసే చోటికి దిగుతుంటే, మెట్ల మీద నా కాలు జారబోయింది. నా చేతిలోని కుండ పడకుండా ఒక చేత్తో దాన్ని, మరో చేత్తో నన్ను పట్టుకున్న పడవ మనిషి ఎవరో, ఏ ఊరివాడో నేను అడగనే లేదు. మే 15 నుంచి 26 వరకు అక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగినప్పుడు మళ్లీ వెళ్లి స్నానం చేసినపుడు అతని కోసం రేవంతా వెతికాను. ఆ జనసంద్రంలో కనిపించలేదు.

ఇక పెళ్లి. మా అమ్మాయి పెళ్లి ఏప్రిల్ మూడో వారానికి ముందే నిశ్చయమై ఉంది. తల్లి పోయిన ఏడాదిలో కొడుకు కన్యాదానం చేయకూడదని కొందరు, ఏడాది ఆగాలని కొందరు, పోయినవారి కోరికను మించిన శాస్త్రం లేదని మరికొందరు చెప్పారు. "నా కోసం పిల్ల పెళ్లి ఆపితే ఊరుకోను" అని అమ్మ శివరాత్రి నాడే, మంచం మీద నుంచే, వియ్యంకుడిగారికి ఫోన్‌లో చెప్పింది. ఆ మాట నిలబెట్టినవారు వియ్యంకుడిగారే. పెద్దకర్మ అయిన మరునాడు మా ఇంటికి వచ్చి, పెళ్లి ప్రస్తావన తానుగా తీయకుండా, నాన్నగారి పక్కన గంటసేపు కూర్చుని, లేవబోతూ "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే, బావగారూ" అన్నారు. జూన్ రెండో వారం నుంచి గురు మౌఢ్యం, దాని వెనకే ఆషాఢం ఉన్నందున మే రెండో వారానికి ముహూర్తం మార్చాము. ముందుగా మాట్లాడుకున్న ఫంక్షన్ హాలు వారు అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. అది వారి నియమమట. ఆ నియమం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఉన్న మూడు వారాల వ్యవధిలో ఒక సంఘ భవనాన్ని ఖాయం చేసి, వంటవాళ్లను కుదిర్చి పెట్టిన మా అపార్ట్‌మెంట్ మిత్రులకు మా ఇంటిల్లిపాది రుణపడి ఉంటుంది.

పీటల మీద నాకు బదులుగా మా బావమరిది దంపతులు కూర్చున్నారు. వారికి ఇద్దరూ మగపిల్లలే. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు నా బావమరిది చేతులు వణకడం నేను ముందు వరుసలో కుర్చీలో కూర్చుని చూశాను. ఇరవై ఆరేళ్లుగా నేను ఊహించుకున్న చోటు అది. అక్కడ మరొకరిని చూడడం కష్టంగానే ఉంటుందని భయపడ్డాను. కాని అతను నీళ్లు వదిలే ముందు ఒక్కసారి తల తిప్పి నా వైపు చూసి, నేను తల ఊపిన తర్వాతే వదిలాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? నా భార్య అన్నగారికి ఆ తర్వాత నేను నమస్కారం పెట్టబోతే, "బావా, కన్యాదాన ఫలం నాకు దక్కింది, నువ్వు నాకు అప్పు తీర్చక్కర్లేదు" అని నవ్వేశాడు. అప్పు తీరదని ఇద్దరికీ తెలుసు.

మా అబ్బాయి చండీగఢ్‌లో పని చేస్తున్నాడు. భారత్-పాకిస్తాన్ ఉద్రిక్తతల వల్ల మే 7 నుంచి అక్కడి విమానాశ్రయం మూతపడింది. చెల్లెలి పెళ్లికి అన్న రాలేడేమోనని మేము ఆశ వదులుకుంటున్న సమయంలో, అతని ఆఫీసులోని సర్దార్జీ ఒకరు తన సొంత కారులో రాత్రికి రాత్రే ఢిల్లీ దాకా తీసుకువచ్చి విమానం ఎక్కించారు. తెలుగు చదవలేని ఆయనకు ఈ పేరాను మా అబ్బాయి చదివి వినిపిస్తాడు.

పెళ్లి హడావిడి ముగిశాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. అరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న నాన్నగారికి మా మూడో అంతస్తు ఫ్లాట్ కొత్త. ఆయన ఎక్కడికీ వెళ్తాననరు. ఒక రోజు ఉన్నట్టుండి "సాలార్‌జంగ్ గడియారం ఇంకా గంట కొడుతోందా?" అని అడిగారు. పెళ్లయిన కొత్తలో అమ్మను తీసుకెళ్లి చూపించారట. అప్పటికి మ్యూజియం ఇంకా సాలార్‌జంగ్‌ల పాత నివాసమైన దివాన్ దేవ్డీలోనే ఉండేది, మూసీ పక్కన ఉన్న ఇప్పటి భవనానికి మారింది 1968లో. శుక్రవారం సెలవని తెలిసి శనివారం వెళ్లాము. గేటు దగ్గర నాన్నగారి నడక చూసి అక్కడి సిబ్బంది ఒకరు చక్రాల కుర్చీ తెచ్చి, గడియారం ముందు అప్పటికే కిక్కిరిసి ఉన్న పిల్లలను కొంచెం జరిపి, ఆయనకు చోటు చేసిపెట్టారు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోయేదాకా నాన్నగారు రెప్ప వేయలేదు. "మీ అమ్మ లెక్క తప్పింది ఆ రోజు, పదకొండే అన్నది" అని నవ్వారు. మార్చి తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ ఉద్యోగికి, జరిగి చోటిచ్చిన ఆ బడిపిల్లలకు నా నమస్కారాలు.

చివరగా ఒక విన్నపం. పొయ్యి వెలిగించని ఆ పది రోజులూ మాకు పూటపూటకూ అన్నం, చారు, పెరుగు తెచ్చి పెట్టినవారి స్టీలు క్యారియర్లు ఏడు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. వాటిలో రెండింటి అడుగున ఇంటిపేర్లు చెక్కి ఉన్నాయి, అవి చేర్చగలం. మిగతా ఐదు ఎవరివో నా భార్యకు ఎంత ఆలోచించినా తెలియలేదు. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడం మా అమ్మకు ఎన్నడూ నచ్చేది కాదు. కనుక మీవైతే దయచేసి ఒక రోజు ముందుగా చెప్పి రండి. ఈసారి గుమ్మం దాకా సాగనంపుతాము.