పేరు అడగడం మర్చిపోయిన మేడమ్‌గారికి

ఆ రాత్రి ఎయిర్‌పోర్టులో నా సూట్‌కేసు రాలేదు. బెల్టు ఆగిపోయింది, అందరూ వెళ్లిపోయారు. టీచర్ ట్రైనింగ్ కోసం మొదటిసారి ఒంటరిగా దేశం దాటిన నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "ఏమ్మా, ఒక్కదానివే వచ్చావా?" అని మీరు తెలుగులో అడిగేసరికి ఏడుపు ఆగలేదు. ఏమనుకున్నారో ఏమో!

నన్ను బయటికి వెళ్లనివ్వకుండా అక్కడి కౌంటర్‌లోనే ఫిర్యాదు రాయించారు. లగేజీ ట్యాగ్ ముక్కను నేను పారేయబోతుంటే ఆపిందీ మీరే. 2 రోజులకు పెట్టె దొరికింది. గది, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు సంగతి ఎలాగో తంటాలు పడి చూసుకున్నాను.

అంతకంటే బాగా గుర్తున్నది బస్సు కోసం నిలబడ్డప్పుడు మీరన్న మాట. నా యాస పిల్లలకు అర్థం కాదేమోనని టెన్షన్ పడుతుంటే, "ప్రశ్న అడిగాక నోరు మూసుకుని మూడు అంకెలు లెక్కపెట్టుకో" అన్నారు. మీరూ టీచరేనని అప్పుడే తెలిసింది. మొదటి క్లాసులో ఆ 3 సెకన్లు యుగంలా గడిచాయి. అయినా వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది! తర్వాత కోర్సులో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధన చదివాను. చాలామంది టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సెకను మించి ఆగరట. ఆవిడ ఆగమన్నదీ కనీసం 3 సెకన్లే.

మీ బస్సు ముందొచ్చేసింది, పేరు అడగలేకపోయాను. ఇది మీ కంటపడితే, చాలా థాంక్స్ మేడమ్‌గారూ. అన్నట్టు, ఫారం నింపడానికి మీరిచ్చిన పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.