మిద్దెల బరువు దించినవాళ్లకు దండాలు

మా వీధిలో తొమ్మిది పాత మట్టి మిద్దెలున్నాయి, అంటే దూలాల మీద మట్టి పరిచిన చదును కప్పు ఇళ్లు. తుపాను వానలు మొదలవకముందే వాటిని సరిచేసిపెట్టిన మేస్త్రీ చిన్నాయనకు, వడ్రంగి అన్నకు, ట్రాక్టరు ఇచ్చిన రైతుకు, గంపలు మోసిన అక్కలకు, తమ్ముళ్లకు వీధి వాళ్లందరి తరఫున దండాలు. అనంతపురం జిల్లాలో ఇట్లాంటి మిద్దెలు ఇంకా చాలానే ఉన్నాయి, అందుకే వాళ్లు చేసిన పని వివరంగా రాస్తున్నాం.

ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు (ఉప్పు మట్టి) పోయడం మనకు అలవాటే. చౌడు తడిస్తే ఉబ్బి సందులు మూసుకుంటుంది, నీళ్లు కిందికి దిగవు. ముప్పంతా పాతది తీయకుండా కొత్తది పోసుకుంటూ పోవడంలో ఉంది. చిన్నాయన ఒక మిద్దె అంచున పారతో కోసి చూపించాడు. జానెడుకు పైనే మట్టి, ఏటేటా పోసిన పొరలు చారలు చారలుగా. తడిసిన మట్టి అంగుళం మందానికి చదరపు మీటరుకు దాదాపు 50 కిలోలు తూగుతుంది. 10 అడుగులకు 12 అడుగుల గది మీద నాలుగంగుళాలు ఎక్కువుంటే, వాన పడ్డ రాత్రి దూలాలు రెండు టన్నులకు పైగా అదనంగా మోయాలి.

పాత మట్టి దించేటప్పుడు కింద గదిలో ఎవరినీ ఉండనివ్వలేదు. దూలాలకు అడ్డంగా పలకలు పరిచి వాటి మీదే నిలబడ్డారు. తవ్విన మట్టిని మిద్దె మీద కుప్ప పోస్తే అక్కడే కుంగుతుంది కాబట్టి ఏ గంపకాగంప కిందికి దించారు. గడ్డి వేళ్లు, ఎలుక బొక్కలు ఉన్నచోట లోతుగా తీసి, మట్టి నింపి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. పైన రెండంగుళాల కొత్త చౌడు, నీళ్లు పోయే గొట్టం వైపు మూడడుగులకు ఒక అంగుళం వాలు. గవాచి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) చుట్టూ గట్టు ఎత్తు పెంచారు.

వడ్రంగి అన్న చూసింది గోడలోకి దిగిన దూలం కొనలను. చెమ్మ, చెదలు ముందు పట్టేది అక్కడే, పైకి మాత్రం దూలం నున్నగా కనిపిస్తుంది. మేకును వేలితో నొక్కితేనే దిగిపోయిన దూలాలు రెండిళ్లలో తేలాయి. గోడకు అడుగు దూరంలో సరుగుడు కట్టెలు ఊతం పెట్టాడు. కట్టె నేలలోకి దిగకుండా కింద పలక, పైన చెక్క చీలిక. చీలికను బిగువు వచ్చేదాకానే కొట్టాలి. ఇంకా కొడితే దూలం లేచి పైన మట్టి పగులుతుంది, ఆ పగులులోంచే నీళ్లు దిగుతాయి.

తడి గోడల్లోకి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చులు బిగించిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికీ దండాలు.

పైనుంచి మట్టి రాలుతున్నా, నిన్నటిదాకా సరిగా మూసుకున్న తలుపు ఉన్నట్టుండి మూసుకోకపోయినా, సామాను చూసుకోకుండా బయటికి వచ్చేయండి. వాన వెలిసినా రెండు మూడు రోజులు ఆ గదిలో పడుకోవద్దు.

ఊతాలకు కట్టెలిచ్చిన పక్క వీధి వాళ్లకు ఒక మాట: దూలాలు మార్చగానే మీ పదకొండు కట్టెలూ మీ ఇంటికి చేరుస్తాం.