సమీక్ష ఎవరికి ఎక్కువ అవసరం?

సంపాదకులకు నమస్కారం.

మంచి పుస్తకం దానంతట అదే పాఠకుడిని వెతుక్కుంటుందని సాహిత్య సభల్లో తరచుగా వింటుంటాము. కానీ అనుభవం వేరుగా చెబుతోంది. 2013 ఏప్రిల్‌లో రాబర్ట్ గాల్‌బ్రైత్ అనే కొత్త పేరుతో ఇంగ్లండులో ఒక అపరాధ పరిశోధక నవల వెలువడింది. సమీక్షకులు మెచ్చుకున్నా, మూడు నెలల్లో అక్కడ అమ్ముడైన గట్టి అట్ట ప్రతులు సుమారు 1,500 మాత్రమే. జులైలో ఆ రచయిత హ్యారీ పోటర్ నవలలు రాసిన జె.కె. రౌలింగేనని బయటపడగానే అదే నవల అమెజాన్ అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. కథలో ఒక్క అక్షరమైనా మారలేదు. అంతకు మూడు దశాబ్దాల ముందు అప్పటికే పేరుపొందిన బ్రిటిష్ రచయిత్రి డోరిస్ లెసింగ్ జేన్ సోమర్స్ అనే మారుపేరుతో నవల పంపితే, ఆమె పుస్తకాలను వేస్తూ వచ్చిన ప్రచురణ సంస్థే దానిని తిప్పి పంపింది.

ఇందులో పాఠకుడి తప్పేమీ లేదు. డబ్బు, సమయం పరిమితంగా ఉన్నవారు తెలిసిన పేరునే నమ్ముతారు; ఆ నమ్మకాన్ని చూసి దుకాణదారులు ఆ పేర్లనే ముందు వరుసలో పెడతారు; ముందు వరుసలో ఉన్నవే మళ్లీ అమ్ముడవుతాయి. ఈ వలయంలోకి కొత్తవారు ఎక్కడ ప్రవేశించాలన్నదే నా ఆవేదన.

2010లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో జోనా బర్గర్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎంతో విలువైనది. న్యూయార్క్ టైమ్స్‌లో ప్రతికూల సమీక్ష వచ్చినప్పుడు పేరున్న రచయితల పుస్తకాల అమ్మకాలు సుమారు 15 శాతం తగ్గగా, అంతగా తెలియని రచయితల పుస్తకాల అమ్మకాలు సుమారు 45 శాతం పెరిగాయని వారు గమనించారు. కొంత కాలం గడిచాక చదివినవారికి విమర్శ మరుగునపడి పుస్తకం పేరు మాత్రం గుర్తుండటమే ఇందుకు కారణమని వారి వివరణ. అంటే అనామక రచయితకు తిట్టు కంటే మౌనమే ఎక్కువ నష్టం.

పత్రికల్లో పుస్తకాలకు దక్కే కాస్త చోటు కూడా ఇప్పటికే అందరికీ తెలిసిన రచయితలకే పోతుండటం అందుకే బాధ కలిగిస్తోంది. వారి కొత్త పుస్తకం వచ్చిందన్న కబురు ఎలాగూ పాఠకులకు చేరుతుంది. సమీక్షల పేజీలో ప్రతి వారం కనీసం సగం చోటును మొదటి, రెండవ పుస్తకాల రచయితలకు కేటాయించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. మొహమాటపు పొగడ్తలు అక్కరలేదు. లోపాలుంటే నిర్మొహమాటంగా రాయించండి. పుస్తకం పేరు, ప్రతులు దొరికే చోటు మాత్రం స్పష్టంగా ముద్రించండి.

భవదీయ,
ఒక పాఠకుడు