శ్రీకాకుళం నగర మ్యాపు డేటాను జనానికి అందుబాటులో పెట్టాలి

సంపాదకుల వారికి,

శ్రీకాకుళం నగరపాలక సంస్థ దగ్గరుండే వార్డు హద్దులు, వీధులు, మురుగు కాలువలు, మాస్టర్ ప్లాన్ జోన్ల (నివాస, వాణిజ్య ప్రాంతాల వంటివి) సమాచారాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టాలని కోరుతున్నాం. ప్రజాధనంతో తయారయ్యే ఇలాంటి మ్యాపులు జనం దాకా వచ్చేసరికి మన ఊళ్లలో మామూలుగా పీడీఎఫ్ బొమ్మలుగా మిగులుతున్నాయి. బొమ్మ మీద కాలువ పొడవు కొలవలేం. ఫలానా సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో వెతకలేం. వరద హద్దును దానిమీద పరిచి చూడలేం.

అన్నిటికన్నా ముందు కావలసింది మురుగు కాలువల మ్యాపు. నాగావళి ఊరి మధ్య నుంచే పారుతోంది. నది మట్టం కాలువ నోటికన్నా పైకి లేస్తే కాలువ నీరు దిగదు, ఎగదన్నుతుంది. ఊళ్లో చినుకు పడకపోయినా పల్లపు వీధులు మునిగేది ఇందుకే. కాబట్టి ప్రతి కాలువ ముక్కకూ వెడల్పు, లోతు, పైన మూత ఉందా లేదా, తూము కొలత, చివరికి ఏ గెడ్డలోకి (వాగులోకి) లేదా నదిలోకి కలుస్తుంది, చివరిసారి పూడిక తీసిన తేదీ ఉండాలి. మ్యాపులో కాలువ గీత గీసేటప్పుడు ఎగువ నుంచి దిగువకే గీయాలి. తలకిందులుగా గీస్తే సాఫ్ట్‌వేర్ నీటిని వెనక్కి నడిపిస్తుంది. రెండు కాలువలు కలిసే చోట గీతల కొసలు ఒకే బిందువులో కలవాలి. మధ్యలో జానెడు ఖాళీ ఉన్నా కంటికి కలిసినట్టే కనిపిస్తుంది గానీ, లెక్కలో ఆ కాలువ అక్కడితో ఆగిపోతుంది.

ఎత్తుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జీపీఎస్ నేరుగా లెక్కగట్టే ఎత్తుకూ, ఇంజినీర్లు వాడే సముద్ర మట్టం లెక్కకూ మన తీరంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. ఆ రెండూ ఒకే పట్టికలో కలిస్తే మురుగు ఎత్తుకు ఎక్కుతున్నట్టు తేలుతుంది. ప్రతి ఎత్తు పక్కనా అది ఏ లెక్క ప్రకారమో రాసి తీరాలి.

శ్రీకాకుళానికి ప్రత్యేకంగా మరో చిక్కుంది. భూమిని జోన్లనే నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44, 45 జోన్ల మధ్య హద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. నగరం దానికి కాస్త పడమరగా 44లో ఉంది. కళింగపట్నం, టెక్కలి, పలాస 45లోకి పోతాయి. 44 జోన్ ఫైలును 45గా చదివితే అరసవల్లి గుడి 600 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో పడుతుంది. షేప్‌ఫైలుతో (మ్యాపు డేటా ఉండే ఫైలుతో) పాటు ఇవ్వాల్సిన, ఏ కొలత పద్ధతి వాడారో చెప్పే చిన్న పీఆర్‌జే ఫైలును వదిలేసినప్పుడే ఎక్కువగా ఈ తప్పు జరుగుతుంది. అందుకే జనానికి ఇచ్చే ప్రతిని అక్షాంశ రేఖాంశాల్లో, అంటే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో, జియోజేసన్ లేదా జియోప్యాకేజీ అనే మ్యాపు ఫైలు రూపంలో ఇవ్వడం మేలు. దశాంశ బిందువు తర్వాత 5 అంకెలుంటే దాదాపు మీటరు వరకూ సరిగ్గా వస్తుంది. మూడుకు కుదిస్తే పక్క వీధికి పోతుంది.

ఇంటి నంబర్ల పట్టిక ఇచ్చేటప్పుడు దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచి భద్రపరచకూడదు. 7-5-12 అనే డోర్ నంబరును అది తేదీగా మార్చేస్తుంది, తర్వాత అసలు నంబరు తిరిగి రాదు. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టాలి. వీధుల పేర్లు యూనికోడ్ తెలుగులోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేర్లు బయట ఎక్కడ తెరిచినా అర్థంలేని అక్షరాలే.

అనుమతుల విషయంలో అధికారులు భయపడాల్సిందేమీ లేదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకముందే సమాచారం బయటపెట్టమంటోంది. ప్రభుత్వ సమాచారాన్ని పంచుకోమనే 2012 నాటి జాతీయ డేటా విధానం ఉంది, ఆ సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే, 2017లో కేంద్రం ప్రకటించిన ఓపెన్ డేటా లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు పేరు పేజీలో ఒక్క వాక్యంగా రాస్తే చాలు. మ్యాపు డేటాపై కేంద్రం ఇచ్చిన 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా సూక్ష్మమైన డేటాకే షరతులు పెట్టాయి. కాలువ మట్టాలు సెంటీమీటర్లలో కావాలి కాబట్టి వాటిని దేశంలోని సర్వర్‌లోనే ఉంచి, నమోదు చేసుకున్న మన దేశంవాళ్లకు ఇవ్వవచ్చు. అందరికీ పెట్టే ఫైలులో ప్రవాహ దిశ, కొలతలు సరిపోతాయి. ఇంటి యజమాని పేరు, ఫోను, పన్ను బకాయి మాత్రం ఎందులోనూ ఉండకూడదు.

ఇలాంటి పనులు ఎక్కువగా చెడేది రెండో ఏడాది. కాంట్రాక్టు ముగిశాక మూల ఫైళ్లు ఏజెన్సీ దగ్గరే ఉండిపోతాయి, ఆఫీసుకు మిగిలేది చూసుకోవడానికో వెబ్ పేజీ. కొన్నాళ్లకు అదీ తెరుచుకోదు. మూల ఫైళ్లన్నీ అప్పగించాకే ఆఖరి బిల్లు చెల్లించాలన్న షరతు టెండరులోనే ఉండాలి. మార్పులు నమోదు చేయడానికి వార్డు స్థాయిలో ప్లానింగ్, ఎమెనిటీస్ (పౌర సౌకర్యాలు), శానిటేషన్ కార్యదర్శులున్నారు. వీధి దీపం, కుళాయి, చెత్త కుప్ప ఎక్కడున్నాయో గుర్తించడానికి ఫోను జీపీఎస్ చాలు. ఇరుకు సందుల్లో అది కొన్ని మీటర్లు తప్పుతుంది గనుక కాలువలకు, స్థలాల హద్దులకు దాన్ని వాడకూడదు.

దీనికి కొత్త పోర్టల్ అక్కర్లేదు. వార్డులు, వీధులు, కాలువలు, ఈ మూడు ఫైళ్లను ఇప్పుడున్న వెబ్‌సైటులోనే ఒక పేజీలో పెట్టవచ్చు. ఫైలు పేరులో తేదీ ఉండాలి. కొత్తది వచ్చినా పాతది తీసేయకూడదు, వార్డుల హద్దులు మారినప్పుడు పాతవాటితో పని పడుతుంది. తప్పు కనిపెట్టినవారు రాయడానికి ఒక ఈమెయిలు ఇచ్చి, వచ్చిన ఫిర్యాదు, సరిచేసిన తేదీ అదే పేజీలో చూపించాలని కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– సర్వే, మ్యాపింగ్ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు, శ్రీకాకుళం