మంత్రిగారూ, పదకొండు బొమ్మలిస్తే తొమ్మిదే తిరిగొచ్చాయి

సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటిది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు కార్డు తిరిగొచ్చింది. రెండోది మీ పేషీలో స్వయంగా ఇచ్చి ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాను. మూడోది సోమవారం అర్జీల రోజున పొద్దున ఏడింటి నుంచి లైన్లో నిలబడి మధ్యాహ్నం ఒంటిగంటకి ఇచ్చాను. కవర్లో పెట్టి ఇచ్చినవేవీ మీదాకా రావడం లేదని అర్థమయింది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. పత్రికలకి, పిల్లల పుస్తకాలకి మన చిత్రకారులు చేత్తో వేసిన ఒరిజినల్ బొమ్మలకి ఒక గ్యాలరీ పెడతామని, ఆ బొమ్మల ప్రదర్శనలో ప్రకటించింది మీరే.

ఆ ప్రకటన చేసిన రోజు మీరు జ్యోతి వెలిగించి, వరసగా బొమ్మలన్నీ చూసుకుంటూ వచ్చి, నేనిచ్చిన ఒక బొమ్మ ముందు ఆగారు. బావి గట్టు మీద కూర్చున్న ముసలి మంత్రగాడి బొమ్మ. పక్కనున్న వాళ్లతో, చిన్నప్పుడు ఇలాంటి బొమ్మలు చూస్తూనే చదవడం నేర్చుకున్నానని అన్నారు. నేను మీ వెనకే ఉన్నాను. ఆ మాట నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను కాబట్టే రాస్తున్నాను.

ఆ మంత్రగాడి బొమ్మ ఇప్పుడు ప్లాస్టిక్‌లో ఉంది. ప్రదర్శనకని నేను పదకొండు బొమ్మలిచ్చాను. నాలుగు నెలల తర్వాత తొమ్మిది తిరిగొచ్చాయి. ఆ తొమ్మిదిలో ఏడింటికి లామినేషన్ చేయించారు.

తీసుకొచ్చిన కుర్రాణ్ణి అడిగాను, ఎందుకు చేయించారు బాబూ అని. పాడవకుండా ఉంటాయని సార్, అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. రేషన్ కార్డుకీ పదో తరగతి సర్టిఫికెట్‌కీ అందరం అలాగే చేయించుకుంటాం, అతనూ మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. చెప్పేవాళ్లు పైన ఒక్కరు లేకపోయారు, నా బాధంతా అదే. వేడి రోలర్ల మధ్య నలిగిన కాగితంలోకి ఆ జిగురు ఇంకిపోతుంది. తర్వాత ప్లాస్టిక్ పీకితే దానితో పాటు కాగితం పై పొర కూడా లేచి వస్తుంది. యాభై ఏళ్లు ట్రంకు పెట్టెలో, వేపాకు మధ్య భద్రంగా ఉన్నవి నాలుగు నెలల్లో ఇలా అయ్యాయి.

లామినేషన్ కన్నా ముందు ఇంకో పని జరిగింది. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. మెషీన్లో సమంగా పట్టడం కోసం అంచులు కత్తిరించారు.

మంత్రిగారూ, మా నాన్నది బెజవాడ గవర్నరుపేటలో చిన్న బ్లాకుల షాపు. వారపత్రికల్లో, పిల్లల పుస్తకాల్లో బొమ్మలు అచ్చేయడానికి జింకు బ్లాకులు చేసేవాడు. చిత్రకారుడు అచ్చులో పడే సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా, దళసరి కాగితం మీద వేసి పంపేవాడు. దాన్ని కెమెరా ముందు బోర్డుకి గుచ్చి, కావలసిన సైజుకి తగ్గించి నెగెటివ్ తీసి, జింకు రేకు మీద అచ్చుపోసి, ఆసిడ్‌లో వేసేవారు. ఆసిడ్ తినగా మిగిలిన గీతే పేజీ మీద పడేది. పని అయ్యాక బొమ్మని తిరిగి తీసుకెళ్లడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పత్రికకి బ్లాకు చాలు, చిత్రకారుడికి వారం తిరిగేసరికి ఇంకో కథ. చుట్టుపక్కల షాపుల్లో ఆ కాగితాలు పొట్లాలకి పోయేవి. మా నాన్న మాత్రం ఎందుకో పారేయలేదు. చదువు అయిదో తరగతి, బొమ్మ వేయడం రాదు. కానీ ఆసిడ్ పొగల్లో దగ్గుకుంటూ మంచి గీతని చూసినప్పుడు మా అమ్మని పిలిచి చూపించేవాడు. ఆ ట్రంకు పెట్టె నాకు ఆయనిచ్చిన ఆస్తి.

ఇక అంచుల మాట. అచ్చయిన పేజీలో అంచులుండవు, ఒరిజినల్‌లోనే ఉంటాయి. చిత్రకారుడు కుంచె ఆరిందో లేదో చూసుకోవడానికి పక్కనే గీసుకున్న నల్ల చారలు అక్కడుంటాయి. ‘మూడు కాలమ్‌లు’, ‘గురువారానికి కావాలి’ అని సంపాదకుడి చేతిరాత ఉంటుంది. ఎంతకి తగ్గించాలో చూపే బాణం గుర్తు, దాని పక్కన అంకె ఉంటాయి, అవి మా నాన్న రాత. ఒక బొమ్మ అంచున చిత్రకారుడు పెన్సిల్‌తో తన ఇంటి పద్దు రాసుకున్నాడు: బియ్యం, కిరసనాయిలు, పాప మందు. ఆ ఆకాశం, ఆ కోట గోడ, ఆ రాకుమారుడి గుర్రం, పాప మందు, అన్నీ ఒకే రోజున ఒకే కాగితం మీద పడ్డాయి. ఆ పద్దు ఇప్పుడు లేదు. కత్తెర పడింది, ముక్కలు చెత్తబుట్టలోకి వెళ్లాయి. మా నాన్న చేతిరాత నా దగ్గర మిగిలిందే అంత. ఆయన ఉత్తరాలు రాసే మనిషి కాదు.

ఒరిజినల్ బొమ్మ విలువ ఏమిటని మీ సిబ్బంది నన్ను రెండుసార్లు అడిగారు. పుస్తకంలో అదే బొమ్మ ఉంది కదా, జిరాక్స్ తీయిస్తే సరిపోదా అని కూడా అడిగారు. మర్యాదగానే అడిగారు, మర్యాదగానే చెబుతున్నాను. ఒరిజినల్‌ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడాలి. నల్ల సిరా ఎక్కడ మందంగా పడిందో, పాళీ ఎక్కడ కాగితాన్ని గీరిందో తెలుస్తుంది. చిత్రకారుడు ముందు నీలం పెన్సిల్‌తో వేసుకుంటాడు, బ్లాకు కెమెరా నీలాన్ని పట్టదు గనుక. అచ్చులో మాయమైన ఆ గీత ఒరిజినల్‌లో అలాగే ఉంటుంది. తప్పు పోయిన చోట తెల్ల రంగు పూస్తాడు. నేనిచ్చిన ఒక బొమ్మలో తల్లి చెయ్యి బిడ్డ భుజం మీద ఉంటుంది. తెల్ల రంగు కింద చూస్తే అదే చెయ్యి కొట్టబోతున్నట్టు పైకెత్తి ఉండేది. వేసి, వద్దనుకుని, దించాడు. ఆయన మనసు మారిన ఆ క్షణం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆ తెల్ల రంగు లామినేషన్ వేడికి పసుపు తిరిగింది. మాటల బుడగలు విడి కాగితం మీద రాసి అతికించేవాళ్లు. రెండు బొమ్మల్లో ఆ ముక్కలు జారి, ఒక మనిషి మాట ఇంకొకడి నెత్తి మీదకి వెళ్లి అక్కడే అతుక్కుపోయింది.

రెండో అర్జీకి జవాబొచ్చింది, ఒక్కదానికే. అందులో ఏముందంటే, ఈ బొమ్మలకి వందేళ్లు నిండలేదు కాబట్టి 1972 చట్టం ప్రకారం ఇవి పురావస్తువులు కావట. నేను పురావస్తువులని ఎక్కడా అనలేదు. నా పదకొండు బొమ్మలు ఏమయ్యాయని అడిగాను. పైగా వందేళ్లు నిండేదాకా వీటిని ఎవరు బతికించాలి? ఆసిడ్ గుణమున్న కాగితం, చవక జిగురు, మన ఉక్కపోత, వెండి పురుగు, వీటన్నిటి మధ్య వందేళ్లంటే ఎన్ని మిగులుతాయి?

జవాబు చివర, ‘తగిన విలువ ధ్రువపత్రం’ జతచేయమని ఉంది. ఎవరి దగ్గర తేవాలో రాయలేదు. డబ్బు లెక్కన మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు, అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2021 జనవరిలో పారిస్‌లో బెల్జియం చిత్రకారుడు ఎర్జే తన టిన్‌టిన్ కోసం వేసిన ముఖచిత్రం ఒకటి వేలానికొచ్చింది. 1936 నాటిది. మడతలు పడి ఉంది. 30 లక్షల యూరోలు దాటి అమ్ముడయింది. మన బొమ్మలకి అంత వస్తుందని నేననను. మడతలు పడిన కాగితాన్ని కూడా వాళ్లు కాగితంగానే ఉంచారని అంటున్నాను.

అమ్ముకోవాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ లేదు. ట్రంకు పెట్టెలో ఉన్న నూట నలభై చిల్లర బొమ్మలూ మీ గ్యాలరీకి ఉచితంగా రాసిస్తానని మొదటి అర్జీలోనే చెప్పాను. 2008లో అమెరికాలో ఎవరో ఒకాయన, స్పైడర్‌మ్యాన్ తొలి కథ వచ్చిన సంచికకి స్టీవ్ డిట్కో గీసిన 24 ఒరిజినల్ పేజీలని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేశాడు. తన పేరు కూడా బయటపెట్టొద్దన్నాడు. అమెరికాలోనే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 1977లో ఒక్క చిత్రకారుడు ఇచ్చిన కాగితాలతో మొదలైన సేకరణ ఇవాళ లక్షల ఒరిజినల్స్‌కి పెరిగింది. అంత దూరం ఎందుకు, కేరళలో కాయంకుళం దగ్గర కార్టూనిస్టు శంకర్ పేరు మీద ఆయన పుట్టిన చోటే మ్యూజియం ఉంది. ఇచ్చేవాళ్లు మన దగ్గరా ఉన్నారు సార్. పుచ్చుకునే చెయ్యి కావాలి.

మన చిత్రకారుల లోటు లేదు. చందమామ 1947 జులైలో మొదలయింది. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, ఎం.టి.వి. ఆచార్యగారి భారతం, చిత్రాగారు, భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి వేసిన ఇంకో శంకర్‌గారు, వీళ్ల పేర్లు తెలియని ఇల్లు తెలుగునాట ఉండేది కాదు. శంకర్‌గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పోయాక. బాపుగారి గీతని మనమంతా గుర్తుపడతాం. వాళ్లని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. నా పెట్టెలో ఉన్నవాళ్లు పొడి అక్షరం సంతకం పెట్టి, పేజీకి పది రూపాయలు తీసుకుని వెళ్లిపోయినవాళ్లు. వాళ్లలో సగంమంది పూర్తి పేర్లు వెతకడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ జాబితా టైపు చేయించి బొమ్మలతో పాటు ఇచ్చాను. ప్రదర్శనలో పదకొండింటి కిందా ‘తెలియని చిత్రకారుడు’ అని చీటీ అతికించారు.

రెండో రోజు తెనాలి వైపు నుంచి ఒక పెద్దావిడ మనవణ్ణి తోడు తీసుకుని బస్సులో వచ్చింది. నేనే కబురు పెట్టాను. ఆ బొమ్మల్లో రెండు ఆవిడ భర్త వేసినవి. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇంట్లో ఆయన వేసిన కాగితం ముక్క లేదు. చీటీలు చదవడం రాకపోయినా బొమ్మ దగ్గరికి సూటిగా వెళ్లి నిలబడింది. ‘ఈ కుండ మా ఇంట్లోదే నాయనా, మూతి విరిగింది, చూడు’ అంది. మనవడు చీటీ చదివి వినిపించాడు. ‘తెలియకపోవడమేమిటి, నాకు తెలుసుగా’ అంది. నేను ఆవిడకి సమాధానం చెప్పలేకపోయాను. చీటీ మార్చమని అక్కడున్న అధికారిని అడిగితే, ప్రదర్శన రేపటితో అయిపోతుంది కదా అన్నారు.

తిరిగి రాని రెండు బొమ్మల్లో ఒకటి ఆ కుండ ఉన్న బొమ్మ.

కాపీరైటు చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది. పది వేలు దాటి అమ్ముడైన ఒరిజినల్ చిత్రం ధరలో చిత్రకారుడికో అతని వారసులకో వాటా అడిగే హక్కు అందులో ఉంది. ఆ బొమ్మ రేపు ఎక్కడో ఎవరి చేతిలోనో అమ్ముడైతే ఆవిడకి తెలిసేదెలా? ఆవిడ పండగకి పండగకి నాకు ఫోన్ చేస్తుంది. బొమ్మ బాగుందా నాయనా అని అడుగుతుంది. బాగుందమ్మా అంటున్నాను. మూడు పండగలు అలాగే చెప్పాను. ఈ సంక్రాంతికి నాతో అబద్ధం చెప్పించకండి.

గ్యాలరీకని మీరు చూపించిన గది కూడా వెళ్లి చూసొచ్చాను. పాత ఫ్లెక్సీల కట్టలు, విరిగిన కుర్చీలు ఉన్నాయి. గోడకి తూర్పు వైపు చెమ్మ. ఏసీ బిగించడానికి చేసిన కన్నంలోంచి వాన నీళ్లు వస్తున్నాయి. అది బాగయ్యేదాకా నా ట్రంకు పెట్టె ఇవ్వలేను, క్షమించండి. ఇస్తానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు.

ముందు ఆ రెండు బొమ్మలు వెతికించండి. లామినేషన్ అయిన ఏడింటినీ ఎవరూ ఇంట్లో పీకే ప్రయత్నం చేయకుండా, తెలిసినవాళ్లకి చూపించండి. లక్నోలో కేంద్ర ప్రభుత్వ పరిరక్షణ ప్రయోగశాల ఉంది, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా ఆ పని తెలిసినవాళ్లున్నారు. ఒక్క ఉత్తరం మీ సంతకంతో వెళ్తే చాలు, బొమ్మలు పట్టుకుని నా ఖర్చుతో నేనే వెళ్తాను. కాగితం బొమ్మలకి లామినేషన్ చేయొద్దని, అంచు కత్తిరించొద్దని మీ శాఖలో ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి నిధులు అక్కర్లేదు. చీటీల మీద పేర్లు రాయించండి. మళ్లీ చెబుతున్నాను, ఆ రెండు బొమ్మలు వెతికించండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఓర్చుకుంటాను.

వెతికేవాళ్ల కోసం గుర్తులు రాస్తున్నాను. మీ సిబ్బంది కాక ఇంకెవరు చూసినా, దయచేసి నాకు చేర్చండి.

మొదటిది: అడ్డంగా, సుమారు అడుగున్నర వెడల్పు. వానలో ఎడ్లబండి, బండి కింద తల దాచుకున్న ఇద్దరు పిల్లలు. ఎడమ ఎద్దు కొమ్ము మీద తెల్ల రంగు పూత. వెనక వైపు వయొలెట్ ముద్ర, సగం చెరిగింది.

రెండోది: నిలువుగా, దానికన్నా కొంచెం చిన్నది. వంటింటి గడప మీద కూర్చున్న ఆడమనిషి, పక్కన మూతి విరిగిన కుండ. కింద కుడి మూల ‘సు’ అని ఒక్క అక్షరం. పై అంచున ఎర్ర పెన్సిల్‌తో బాణం గుర్తు, దాని పక్కన 66 అన్న అంకె. అది మా నాన్న రాసింది. ఆ అంచు ఇంకా ఉంటే కత్తిరించకండి.

ఇట్లు,
గవర్నరుపేట బ్లాకుల మేస్త్రీ కొడుకు