టమాటాలు పెరగలేదు, ధర పెరిగింది

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

బరంపురం నుంచి నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం చూశాను. తప్పులన్నీ ఒక్క రకానివే: కర్తకీ క్రియకీ పొత్తు కుదరలేదు.

భూతకాలంలో వాజ్, వర్ తప్ప పేచీ లేదు. చిక్కంతా వర్తమానంలోనే. హీ, షీ, ఇట్ అనదగ్గ కర్త అయితే క్రియ చివర ఎస్ చేరుతుంది. పేరుకి చేరే ఎస్ బహువచనం, క్రియకి చేరేది ఏకవచనం. అందుకే మామూలుగా రెండిట్లో ఒక్కదానికే: బాయ్ ప్లేస్, బాయ్స్ ప్లే. డజ్ వస్తే ఆ ఎస్‌ని అదే మింగేస్తుంది, కనుక డజ్ షీ గోస్ కాదు, డజ్ షీ గో.

'ది ప్రైస్ ఆఫ్ టొమాటోస్ హావ్ రిజన్' అని రాశావు. టొమాటోస్ పక్కనుందని హావ్ పెట్టావు. కర్త ప్రైస్, కనుక హాజ్. మనం 'టమాటాల ధర పెరిగింది' అంటాం కదా, తెలుగులో అసలు మాట క్రియని ఆనుకునే ఉంటుంది. ఇంగ్లీషులో అది ముందు కూర్చుని, ఆఫ్‌తో వెనక తోక తగిలించుకుంటుంది. అనుమానం వస్తే తెలుగులోకి తిప్పి క్రియ ఎలా ముగిసిందో చూడు. వన్ ఆఫ్ ది గర్ల్స్ అంటే అమ్మాయిల్లో ఒకమ్మాయి, ఈజ్. ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ అంటే విద్యార్థుల సంఖ్య, ఈజ్. ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ అంటే చాలామంది విద్యార్థులు, ఆర్. ఈ జంటకి ఇంతకన్నా తేలికైన కొలత లేదు.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. నాన్నగారు వచ్చారు అంటాం. ఇంగ్లీషు క్రియకి ఆ మర్యాద తెలీదు, ఫాదర్ హాజ్ కమ్. పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి అంటాం. మిల్క్, వాటర్ రెండూ ఈజ్. కత్తెర మనకి ఒకటే, వాళ్లకి సిజర్స్ ఆర్. కళ్లజోడూ అంతే. ఎవ్రీవన్ మరీ మోసగాడు: అందరూ అన్నా, ప్రతి ఒక్కరూ అన్నా మనకి 'వచ్చారు', అక్కడ హాజ్. ఇది బట్టీ పట్టాల్సిందే. ఆడా మగా గొడవ మాత్రం లేదు. ఒడియాలో 'సే గలా' అంటే వెళ్లాడూ వెళ్లిందీ రెండూ అయినట్టే, హీ వెంట్, షీ వెంట్.

నైదర్, నార్ వస్తే క్రియకి దగ్గరున్నదే లెక్క: నైదర్ ది టీచర్ నార్ ది స్టూడెంట్స్ ఆర్. పేర్లు తారుమారు చేస్తే ఈజ్.

వ్యాసం తిరగరాసేటప్పుడు ప్రతి ఆఫ్ ముందున్న మాట కింద గీత గియ్యి, క్రియ దానికి సరిపోవాలి. హాఫ్, సమ్, మోస్ట్, ఆల్, ఎ లాట్, పైన చెప్పిన ఎ నంబర్ వస్తే మాత్రం ఆఫ్ తరవాతి మాట చూడు: హాఫ్ ఆఫ్ ది రైస్ ఈజ్, హాఫ్ ఆఫ్ ది మ్యాంగోస్ ఆర్. మామిడిపళ్లలో సగం కుళ్లిపోయాయి అనే కదా మనమూ అంటాం.

అమ్మ