పార్టు మార్చే ముందు జబ్బేందో తేల్చండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సెకండ్ హ్యాండ్ బండి కొన్నాక ఇంజన్‌లో ఏదన్నా తేడా వస్తే మన వైపు జరిగేది ఒకటే. షెడ్డుకి తోలకపోతాం, మెకానిక్ బానెట్ ఎత్తి రవ్వసేపు చూసి ఇది పోయింది అంటాడు, ఆ పార్టు తెప్పించి వేస్తాం, తగ్గకపోతే ఇంకోటి పోయింది అంటాడు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే పక్కన ఏ షెడ్డు కాడ నిలబడినా ఇదే. దీని గురించి పేపర్లో రాస్తే చాలామందికి పనికొస్తదని ఈ ఉత్తరం రాస్తన్నా, కొంచెం పొడుగైనా దయచేసి వెయ్యండి.

మన దగ్గర పాత బండ్లు కొనేవాళ్ళు సరదాకి తిరిగేవాళ్ళు కాదండీ. రొయ్యల గుంటలకి మేత తోలేవాళ్ళు, పొదలకూరు వైపు నిమ్మకాయలు మార్కెట్‌కి వేసేవాళ్ళు, చీమకుర్తి క్వారీల కాడ పనులకి తిరిగేవాళ్ళు, ఎక్కువమంది వడ్డీకి తెచ్చి కొన్నోళ్ళే. బండి షెడ్డులో ఉంటే ఆ రోజు బాడుగ లేదు, వడ్డీ మాత్రం ఆగదు. అట్టాంటోడి చేత అవసరం లేని పార్టులు కొనిపిస్తే వాడు మళ్ళీ లేవడానికి ఎన్నాళ్ళు పడతదో ఆలోచించండి.

మా బావమరిది సంగతే చెప్తా. కావలి దగ్గర ఉంటాడు, మేత బస్తాలు తోలుకోడానికి ఒక డీజిల్ పికప్ కొన్నాడు, బీఎస్ 4 బండి, టైర్లు బాగున్నాయి, పెయింట్ కొత్తగా కొట్టించి ఉంది. కొన్నాక కొన్నాళ్ళకి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ అదురుతా స్టార్ట్ అయ్యేది, తెల్ల పొగ వచ్చేది, కాసేపటికి దానంతటదే సర్దుకునేది. లోడు మీద లాగడం లేదు. రేడియేటర్లో నీళ్ళు తగ్గిపోతా ఉండేవి, కింద చూస్తే ఒక్క చుక్క కారింది లేదు. ఇంతవరకు విన్న మెకానిక్‌కి సగం సంగతి తెలిసిపోవాలి. కానీ మొదటి షెడ్డులో నాజిల్స్ పోయినాయన్నారు, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు దించి సర్వీస్ చేయించారు, తగ్గలా. ఇంకో చోట ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో అన్నారు, అదీ మార్పించారు, తగ్గలా. ఆ తర్వాత ఏకంగా ఇంజన్ దించాలి బోర్ పని చెయ్యాలి అన్నారు. ఎవరూ ఒక్క గేజీ పెట్టి చూసిన పాపాన పోలేదు, బండిని రాత్రంతా ఆపి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూద్దామని కూడా అన్లేదు.

చివరికి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసకపోయినాం. బండి సందకాడే పెట్టేసి పొద్దున్నే రమ్మన్నాడు. ఆయన చేసిందంతా పక్కనే నిలబడి చూసినా. ముందు బానెట్ మీద, రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని ఖాయం చేసుకున్నాడు, మూత తీసి నీళ్ళు మూతి దాకా పోసి మా వాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాడు. స్టార్ట్ అయిన కాసేపటికే మూతి కాడ సన్నటి బుడగలు, ఆగకుండా వస్తానే ఉన్నాయి. ఆపేసి మూత బిగించి మళ్ళీ స్టార్ట్ చేయించి, పైన ఉండే లావు హోస్ పైపు పట్టుకో అబ్బయ్యా అన్నాడు నాతో. పట్టుకుంటే పైపు చల్లగానే ఉంది, కానీ బిర్రుగా బిగుసుకుపోయి ఉంది, ఎంత నొక్కినా లోపలికి పోవడం లేదు. నీళ్ళు కాగకుండానే ఇంత ప్రెజర్ యాడ నుంచి వస్తది, సిలిండర్‌లో మండిన గ్యాసే నీళ్ళల్లోకి తోసుకొస్తా ఉంది, ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్డుకీ మధ్య బిగించే పల్చటి షీటు, అదే హెడ్ గాస్కెట్, పోయింది అన్నాడు. అంతటితో వదల్లా. బండి ఆపి రేడియేటర్‌కి చేతి పంపు బిగించి ప్రెజర్ ఎక్కించి అట్నే ఉంచితే ముల్లు మెల్లిగా దిగతా ఉంది, బయట మాత్రం ఎక్కడా తడి లేదు. అప్పుడు చల్ల ఇంజన్ స్టార్ట్ అవడానికి సిలిండర్లని వేడెక్కించే గ్లో ప్లగ్గులు ఊడదీసి మమ్మల్ని పక్కకి జరగమని సెల్ఫ్ కొట్టిస్తే ఒక బొక్కలోంచి నీళ్ళు తుంపర తుంపరగా చిమ్మినాయి. ఇంక అనుమానం లేదు అన్నాక హెడ్ మీద చెయ్యేసినాడు. అప్పటిదాకా ఒక్క పార్టు కూడా మార్చలేదు చూడండి, అదీ పనితనం అంటే.

హెడ్ దించాక కూడా కొత్త గాస్కెట్ వేసి పంపించెయ్యలా. గాస్కెట్ ఊరికే పోదు, ఎందుకు పోయిందో చూడాలన్నాడు. హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజీ దూర్చి చూస్తే హెడ్ వంగిపోయి ఉంది, అంటే ఇంతకు ముందు ఎప్పుడో బాగా కాగిపోయిన ఇంజన్. రేడియేటర్ విప్పితే సగం ట్యూబులు తెల్లటి గార కట్టి మూసుకుపోయినాయి, అడుగున పసుపు బురద. ఎక్కడో చిన్న లీకు ఉంటే దాన్ని మూసెయ్యడానికి పసుపు పోసేసి అమ్మేశారు. ఆ గార ఎందుకు కట్టిందో మన తీరం వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఉప్పు బోరు నీళ్ళు. కూలెంట్‌కి డబ్బులెందుకని డ్రైవర్లు కనపడిన బోరు కాడల్లా పట్టి పోస్తా ఉంటారు, మన వైపు బోరు నీళ్ళు బిందెకే తెల్లగా గార కడతాయి, ఇంక సన్నటి రేడియేటర్ ట్యూబులు ఏం ఆగుతాయి. కొత్త రేడియేటర్ వేసి, హెడ్ లేత్‌లో ఫేసింగ్ చేయించి, అప్పుడు గాస్కెట్ వేసినాడు. రేడియేటర్ అట్నే వదిలేసి ఉంటే రోహిణి కార్తెలో లోడుతో మళ్ళీ అదే కథ.

ఇక్కడే ఇంకో మాట. సిలిండర్లోకి కూలెంట్ పోతే పొగ తియ్యగా వాసనొస్తదని చెప్తారు, అది నిజమే కానీ కూలెంట్ పోసిన బండికి. వట్టి నీళ్ళ మీద తిరిగే మన బండ్లకి ఆ వాసన రాదు, వాసన లేదు కాబట్టి గాస్కెట్ బాగానే ఉంది అనుకోకూడదు. అట్నే టెంపరేచర్ ముల్లుని కూడా నమ్మకూడదు, నీళ్ళు సెన్సార్ కన్నా కిందికి దిగిపోతే దానికి నీళ్ళు తగలక ముల్లు కిందనే ఉండొచ్చు, లోపల ఇంజన్ మాత్రం కాగిపోతా ఉంటది.

పొగ రంగుని బట్టి చాలా తెలుస్తది. నల్ల పొగ అంటే గాలి తక్కువ డీజిల్ ఎక్కువ, ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి వచ్చే గాలి పైపు చిట్లిందేమో చూసి ఆ తర్వాతే ఇంజెక్టర్ జోలికి పోవాలి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగతా ఉంది, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో టర్బోనో తేల్చాలి. ఇంజన్ నడస్తా ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే కొంచెం ఆవిరి ఎటూ ఉంటది, గుప్పు గుప్పున బలంగా తంతా ఉంటే రింగుల కాడ పని అయిపోయినట్టే అనుమానించాలి. కొందరు అమ్మేముందు దీన్ని దాచడానికి బాగా చిక్కటి ఆయిల్ పోస్తారు, కొన్ని రోజులు పొగ కనపడదు.

ఇప్పుడు బండి కంప్యూటర్‌కి తగిలించి తప్పుల కోడ్లు చదివే స్కానర్ అందరి చేతిలోకి వచ్చేసింది, సంతోషమే, కానీ స్కానర్ పార్టు పేరు చెప్పదు. డీజిల్ బండికి పీ0087 అని వచ్చిందనుకోండి, రైల్‌లో, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ అందించే పైపులో, ప్రెజర్ తక్కువ ఉందని మాత్రమే దానర్థం. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా అదే కోడు, పైపులో గాలి చేరినా అదే, ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయే పైపులోకి, ఎక్కువ వదిలేసినా అదే, పంపు పోయినా అదే. కోడు చూసి సూటిగా పంపు పోయింది అంటే వేలకి వేలు. ముందు ఫిల్టర్ మార్చి చూడొచ్చు కదా, ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి చిన్న సీసా తగిలించి ఏ సీసా తొందరగా నిండుతుందో చూస్తే తప్పు చేసేది ఏదో కళ్ళ ముందే తేలిపోతది. పెట్రోల్ కారు కూడా అంతే, ఒక సిలిండర్ మిస్ కొడతా ఉంటే దాని ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ తీసి పక్క సిలిండర్‌కి వెయ్యండి, మిస్ కూడా పక్కకి పోతే కాయిల్ తప్పు, పోకపోతే కాయిల్ బాగుంది, పైసా ఖర్చు లేదు. సముద్రం పక్క ఊళ్ళల్లో ఇంకోటి కూడా ఉంది, ఉప్పు గాలికి ఎర్త్ వైర్ల కాడ తుప్పు పట్టి సెన్సార్లు తప్పు లెక్కలు చూపిస్తాయి, వైరు విప్పి గీకి బిగిస్తే పోయేదానికి సెన్సార్లు మారుస్తా పోతే ఏం లాభం.

మెకానిక్‌లని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఎండలో నల్ల నూనెలో ఒళ్ళు హూనం చేసుకునే మనుషులు వాళ్ళు. అసలు లోపం మన లెక్కలోనే ఉంది. డాక్టర్ దగ్గరికి పోతే మందు రాసినా రాయకపోయినా ఓపీ ఫీజు కడతాం, మెకానిక్ పూట పూటంతా కూర్చుని జబ్బు కనిపెట్టి ఇదిగో ఈ వైరు ఊడింది అని బిగిస్తే మాత్రం వైరు బిగించినందుకు ఇంతా అని కొట్లాడతాం. పార్టు మారిస్తేనే డబ్బులొస్తాయంటే వాడు పార్టే మారుస్తాడు. టెస్ట్ చేసినందుకు ఇంత అని షెడ్డులో బోర్డు పెట్టుకోండి, మేం కడతాం, తీసిన పాత పార్టు మా చేతికి ఇవ్వండి, ఏ టెస్ట్‌లో ఏం వచ్చిందో ఒక చీటీ మీద రాసివ్వండి. బండి ఓనర్లు కూడా ఆ ఫీజు కట్టడానికి మొహమాటపడకూడదు, రెండో తప్పు పార్టు ఖరీదు కన్నా అది తక్కువే అవుతది.

కొనేటప్పుడే చూసుకోవాల్సింది కూడా ఇదే పద్ధతి. బేరానికి పోయినప్పుడు బండి అప్పటికే స్టార్ట్ చేసి వేడిగా పెట్టి ఉంటే ఇంకో పొద్దున వస్తానని చెప్పి వచ్చెయ్యండి, చల్ల ఇంజన్ చూపించమనండి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైట్ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే దాన్ని పీకేశారేమో అడగండి. డిప్ స్టిక్‌కి, ఆయిల్ మూత లోపల తెల్లటి జిగట ఉంటే ఆ బండి జోలికి పోకముందే ఒక మెకానిక్‌కి డబ్బులిచ్చి చూపించండి. బీఎస్ 6 డీజిల్ బండైతే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, ఉంటది, ఊళ్ళోనే తిరిగిన బండికి అది మసితో నిండిపోయి ఉండొచ్చు, స్కానర్‌లో ఎంత నిండిందో చూపించమని అడగండి.

ఇక రవాణా శాఖ వాళ్ళకి ఒక మనవి. పాత బండ్లు కొని అమ్మే డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో ఆథరైజేషన్, అంటే అనుమతి, పెట్టారు, ఓనర్ బండి అప్పగిస్తే ఫారం 29సీ లో తెలియజెయ్యాలి, ఆ బండి తన దగ్గరున్నన్నాళ్ళు బాధ్యత డీలర్‌దే. మంచి రూలే, కానీ దాని పట్టు అంతా ఓనర్‌షిప్ మీదే, ఇంజన్ కండిషన్ మీద కాదు. రోడ్డు పక్కన బోర్డు పెట్టుకుని బండ్లు అమ్మేవాళ్ళలో ఆథరైజేషన్ ఉన్నదెవరికో లేనిదెవరికో మన రెండు జిల్లాల్లో తనిఖీ చేసి ఆ లిస్టు ఆఫీసు బయట అంటించండి. అమ్మే ప్రతి బండికీ కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూసేది), స్కాన్ రిపోర్ట్ రాతపూర్వకంగా ఇచ్చేట్టు డీలర్లని ఒప్పించండి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకి గేజీలు, స్కానర్లు చేతికిచ్చి నేర్పించాలి, ఇప్పటికే షెడ్లు నడుపుకునే వాళ్ళకి కూడా ఆదివారాలు అక్కడే క్లాసులు పెడితే చాలామంది వస్తారు, నేను మాట్లాడిన వాళ్ళు వస్తామనే అన్నారు.

డీలర్ తెలిసి తెలిసి లోపం దాచి అమ్మినాడని అనుకునేవాళ్ళు ఊరుకోవద్దు. జిల్లా వినియోగదారుల కమిషన్లు నెల్లూరులో, ఒంగోలులో ఉన్నాయి, బండికి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. బాడుగ బండి కదా మనకి వర్తించదేమో అని చాలామంది ఆగిపోతారు, సొంతంగా నడుపుకుని బతుకుతెరువుకి కొన్నోడిని 2019 చట్టం వినియోగదారుడిగానే లెక్కేస్తది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసినా దారి చెప్తారు. అయితే కమిషన్ ముందు నిలబడాలంటే చేతిలో కాగితం ఉండాలి, నేను పైన అడిగిన టెస్ట్ చీటీ అందుకే, ఏ తారీఖున ఏ మెకానిక్ ఏ టెస్ట్ చేస్తే ఏం వచ్చిందో రాసి సంతకం పెట్టిన చీటీ ఉంటేనే కేసుకి బలం. మెకానిక్ అన్నలు ఈ ఒక్క సాయం చెయ్యాలని కోరుతున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా